పరుపు మీద నడక

మా తమ్ముడు ఖాజాకు హిందూపురంలో పరుపుల అంగడి ఉంది. టీచరు ఉద్యోగం నుంచి రిటైరైన తర్వాత సాయంత్రాలు అక్కడికి వెళ్లి కూర్చోవడం నాకు అలవాటైంది. మొన్న వానలు మొదలయ్యే ముందు ఒకరోజు అంగడి ముందు ఆటో ఆగింది. డ్రైవరు ముందుగా ఎర్రచారల పాత పరుపు ఒకటి దించి అరుగు మీద వేశాడు. ఆ తర్వాత అతని భుజం పట్టుకుని ఒక పెద్దావిడ దిగింది. ఆమె ముఖం కంటే ముందు నేను చూసింది నడకను. కుడికాలు నేలకు ఆనేముందు ఒక్క క్షణం గాల్లో ఆగుతోంది. "పెనుకొండలో మాకు పరుపు కుట్టిన దస్తగిరప్ప అంగడి ఇదేనా?" అని ఆమె అడుగుతుంటే, అరవై ఏళ్లు దగ్గరపడిన నేను చేతిలోని పేపరు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. అందులో ఒక్క అక్షరం కూడా కనిపిస్తే ఒట్టు. యాభై ఏళ్లుగా ఎవరి కళ్లబడకూడదని అనుకున్నానో ఆవిడే ఎదురుగా నిలబడి ఉంది.

దస్తగిరి మా నాయన. మాది దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. మా ఇంట్లో దూది లేనిచోటంటూ ఉండేది కాదు. అవ్వ జడలో, సంగటి ముద్దలో, నీళ్లకుండ మూత మీద సన్నటి పొరలా పేరుకునేది. తెల్లవారేసరికే నాయన దూది ఏకే విల్లు తాడు మీద కొయ్యసుత్తి వేసే చప్పుడు మొదలయ్యేది. ఆ చప్పుడుకే మేం లేచేవాళ్లం. గొంతులో దూది చేరి దగ్గు వస్తుందని అవ్వ అందరి చేతుల్లో చిన్న బెల్లం ముక్క పెట్టేది. ఆ తర్వాత నన్ను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఎడమకాలికి వెచ్చటి ఆముదం రాసేది. పాకే వయసులో జ్వరం వచ్చి ఆ కాలు సన్నబడిపోయింది. గురువారం సాంబ్రాణి పొగ ముందుగా నా కాలికి పట్టించిన తర్వాతే ఇల్లంతా తిప్పేది. ఇప్పటికీ ఆముదం, సాంబ్రాణి కలిసిన వాసన ఎక్కడైనా తగిలితే, నా చెయ్యి తెలియకుండానే మోకాలి మీదికి పోతుంది.

నాకు ఇనుప కమ్మీల బూటు వేశారు. దాని బరువు నన్ను ఎన్నడూ భయపెట్టలేదు. భయపెట్టినవి గడపలు. ఎవరింటికి వెళ్లినా అందరూ చెప్పులు విడిచి చటుక్కున లోపలికి వెళ్లిపోతారు. నేను గడప మీద కూర్చుని, పట్టీలు నాలుగు విప్పి, కమ్మీలు పక్కకు లాగి, కాలు బయటికి తీయాలి. ఆ కాసేపూ ఇంట్లోవాళ్లు మాటలు ఆపేసేవారు. ఒకరు గోడ చూసేవారు, ఒకరు పైకప్పు చూసేవారు. ఎవరో ఒకరు నాలుక చప్పరించేవారు. ఆ చప్పుడు వినపడకముందే నాకు ఒళ్లంతా చెమటలు పట్టేవి. ఇల్లు వదిలి ఎక్కడికీ రానని మొండికేసేదాన్ని. ఇంట్లో కూర్చోబెడితే ఈ పిల్ల మనుషులంటేనే దడుచుకుంటుందని, సెలవులొస్తే చాలు, నాయన నన్ను పనికి వెంటబెట్టుకుని పోయేవాడు.

ప్యాసింజర్ రైల్లో కూర్చుని ఆయన నాకు పాఠం చెప్పేవాడు. "జనానికి నీ కాలంటే అసయ్యం కాదు పాపా. భయం. యాడ చూడల్లో తెలీక భయం. ముందుగా నువ్వే ఒక మాట అనేస్తే వాళ్లకు ఊపిరాడతాది." ఆ మాటలు ఆయనే తయారుచేసి ఇచ్చేవాడు. గడప మీద కూర్చోగానే, "నేను బూటు విప్పేలోగా మీరు సంగటి కెలుక్కోని రాండమ్మా, ముద్ద తినే టయానికి లోపలికొస్తా" అనాలి. వానగా ఉంటే, "నా కాలు తుప్పు పడతాది, తొందరగా తలుపు తీయండి" అనాలి. అంటే నిజంగానే నవ్వేవారు. గోడ వదిలి నా ముఖం చూసేవారు. అవ్వకు మాత్రం ఈ చదువు నచ్చేది కాదు. "నవ్వు నాలుగు విధాల చేటు. పసిబిడ్డకు ఏం నేర్పిస్తాండావురా?" అని కోప్పడేది. "నోరు మంచిదైతే ఊరు మంచిదిలేమ్మా" అని నాయన తప్పించుకునేవాడు. నేను ఇద్దరి మధ్య కూర్చుని, నవ్వని ఇల్లు ఎదురైతే ఏం చేయాలా అని వణికేదాన్ని. ఆ ప్రశ్నకు నాయన దగ్గర కూడా మాట లేదు.

మా పనిలో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త పరుపు కుట్టడం అయ్యాక నేల మీద పరిచి, ఆ ఇంటి పెద్దలచేత ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాలి. దూది సర్దుకుంటుంది, గడ్డలుంటే పాదానికి తెలుస్తాయి. మెత్తటి పరుపు మీద ఎంతటి మొనగాడైనా తిన్నగా నడవలేడు. పంచె ఎగ్గట్టి దర్జాగా కాలుపెట్టిన ఆసామి రెండో అడుగులో ఒరిగిపోయేవాడు, మూడో అడుగులో చేతులు చాపేవాడు. అప్పుడు నాయన, "సూడండప్పా, పరుపు మీద అందురూ మా పాప మాదిరే!" అనేవాడు. ఇల్లంతా గొల్లున నవ్వేది. ఆ కాసేపు మాత్రం నాకు భయం ఉండేది కాదు. ఆ నాలుగు గజాల దూది మీద ఊరందరి నడకా నా నడకే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు పెనుకొండలో ఒక మగ్గాల ఇంట్లో పెళ్లి పరుపులు కుట్టే పని వచ్చింది. పెళ్లికూతురు వరలక్ష్మక్క. పడసాలలో ఒక పక్క ఆమె మగ్గం, ఇంకో పక్క మా దూది. మేం పొద్దున వెళ్లేసరికే ఆమె మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తూ ఉండేది. సాయంత్రం మేం బయలుదేరేటప్పుడు కూడా అక్కడే ఉండేది. మధ్యాహ్నం అన్నం పళ్లెం కూడా ఆమె అమ్మ మగ్గం దగ్గరికే తెచ్చిచ్చేది. ధర్మవరం నుంచి మగపెళ్లివాళ్లు చూపులకు వచ్చినప్పుడు కూడా పిల్లను అలా మగ్గం మీదే కూర్చోబెట్టి చూపించారట. అంచు నేసే ఆ వేళ్లు చూసి అప్పటికప్పుడే తాంబూలం పుచ్చుకున్నారని ఆమె అమ్మ నాయనకు గొప్పగా చెప్పింది. పనిమంతురాలైన పిల్ల కాబట్టి ఎప్పుడూ పనిలోనే ఉందని నేను అనుకున్నాను.

మూడో రోజు ఆమె నన్ను దగ్గరికి పిలిచింది. గడప దగ్గరున్న నా బూటును తెమ్మంది. కమ్మీలను, మరలను వేలితో తడిమి చూసింది. "బరువుంటాదా?" అంది. నేను టక్కున, "నాకేం బరువు అక్కా, మోసే నేలనడగల్ల" అన్నాను. ఈ మాటకు నవ్వనివాళ్లను నేను అంతవరకూ చూడలేదు. వరలక్ష్మక్క నవ్వలేదు. నా ముఖంలోకి అలా చూసి, బూటు తిరిగి ఇచ్చి, మగ్గం వైపు తిరిగింది. నేనేం తప్పు మాట్లాడానో తెలియక ఆ రోజంతా నాయన చాటునే కూర్చున్నాను.

నాలుగో రోజు పరుపు పూర్తయింది. అదే రోజు ధర్మవరం నుంచి కాబోయే అత్తగారు గంగమ్మ, మరో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని పెళ్లిచీర చూపించడానికి వచ్చింది. ఎత్తయిన మనిషి. నుదుటన రూపాయంత బొట్టు. ఆమె కూడా నేసే మనిషే. పరుపు మగ్గం అంచు దాకా పరిచి ఉంది. నాయన వినయంగా, "పెద్దామె మీరు, రెండడుగులు నడవండమ్మా" అన్నాడు. గంగమ్మ నడిచి, ఒరిగి, పడబోయి నిలదొక్కుకుని తానే పకపకా నవ్వింది. వెంట వచ్చినవాళ్లు నవ్వారు. నాయన ఎప్పటి మాట అన్నాడు. అందరూ నన్ను చూసి ముచ్చటగా నవ్వారు. అన్ని నవ్వులు ఒక్కసారి మీద పడేసరికి నాకు తల తిరిగింది. పరుపు చివర కూర్చుని చప్పట్లు కొడుతూ, "ఇంగ పెళ్లికూతురక్క నడవల్ల! పెళ్లికూతురక్క నడవల్ల!" అని అరిచాను.

వరలక్ష్మక్క అమ్మ చేతిలోని నీళ్ల చెంబు అలాగే ఆగిపోయింది. "దానికి పనుండాదిలే" అంది నెమ్మదిగా. "పని ఎప్పుడూ ఉండేదేలే వదినా. రామ్మా, నీ పరుపే కదా" అంది గంగమ్మ. వరలక్ష్మక్క నా వైపు ఒకసారి చూసింది. మగ్గం గుంట గట్టు మీద చేతులు ఆనించి ఒళ్లు లేపుకుని, నేల తగలకుండా నేరుగా పరుపు మీదికి వచ్చి నిలబడింది. నడిచింది. అందరిలాగే ఒరిగింది, ఊగింది. ధర్మవరం ఆడవాళ్లు నవ్వుతూనే ఉన్నారు. ఆమె నా దాకా వచ్చి పరుపు అంచున ఆగిపోయింది. నేను కింద కూర్చుని ఉన్నాను కాబట్టి ఆమె పాదాలు నా కళ్లకు ఎదురుగా ఉన్నాయి. కుడి మడమ పరుపుకు ఆనడం లేదు. నాకు అర్థమైపోయింది. ఒక కాలు కురచ. ఆ సంగతి ధర్మవరం వాళ్లకు తెలియదు. మగ్గం గుంట ఇన్నాళ్లూ దాచిన కాలును నేను చప్పట్లు కొట్టి పైకి పిలిచాను.

భయమంటే ఏమిటో నాకు అంతకుముందు తెలుసనుకున్నాను. తెలియదు. ఏదో ఒక మాట అనాలి. నాయన నేర్పినవి ఇరవై మాటలుండాలి, ఒక్కటీ రాలేదు. వరలక్ష్మక్క నేల మీద కాలుపెట్టింది. ఒక అడుగు, రెండో అడుగు. ఆ రెండడుగులూ కుంటింది. నవ్వులు ఆగిపోయాయి. ఆమె అమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. నేను ఎన్నో గడపల మీద విన్న ఆ నిశ్శబ్దం ఈసారి నా కోసం కాదు, ఆమె కోసం వచ్చింది. అప్పుడు వెనక నుంచి నాయన గొంతు వినిపించింది. "సూసినారామ్మా నా పరుపు! దిగినాంక కూడా పెండ్లికూతురి కాలికి ఇంగా నేల దొరకల్యా!" అందరికంటే ముందుగా, అందరికంటే గట్టిగా గంగమ్మ నవ్వింది. మిగిలినవాళ్లు ఆమె వెంట నవ్వారు. ఆ నవ్వుల మధ్యే వరలక్ష్మక్క గోడ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

తిరుగు రైల్లో నాయన బీడీ ముట్టించబోతే అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది. గాలి లేదు, కిటికీ మూసే ఉంది. "ఒక ఆడబిడ్డ బతుకు మీద నవ్వు కప్పినాను పాపా. అది ఎన్నాళ్లు నిలుస్తాదో. రేపు పెండ్లయినాంక వాళ్లు సూడరా?" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మళ్లీ పెనుకొండ పోయినప్పుడు బాబయ్య దర్గాలో చక్కెర పెట్టి ఫాతిహా చదివించి, ఆ పిల్ల కాపురం నిలబడాలని మొక్కుకున్నాడు. పెళ్లి జరిగిందని విన్నాం. ఆ తర్వాత కబురు లేదు, కనుక్కునే ధైర్యమూ లేదు. ధర్మవరం మనిషి ఎవరైనా మా ఇంటికి వస్తే నేను దూది మూటల వెనక్కి పోయి కూర్చునేదాన్ని. వాళ్లు పిల్లను వెనక్కి పంపేశారనీ, ఎవరు పిలిచారమ్మా నిన్ను పరుపు మీదికి అని ఊరంతా అడిగితే ఆమె నా పేరు చెప్పిందనీ కలలు వచ్చేవి. నాయన ఆ 'అందురూ మా పాప మాదిరే' మాటను మళ్లీ ఏ ఇంట్లోనూ అనలేదు. పెద్దలను నడిపించి ఊరుకునేవాడు.

నేను మాత్రం మాటలు మానలేదు. మానలేకపోయాను అనడం నిజం. భయం పెరిగేకొద్దీ నోరు పదునెక్కింది. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు క్లాసులోకి వెళ్తూనే, "నేను వస్తున్నట్టు వరండాలో టకటకా చప్పుడు వినపడుతుంది కాబట్టి అల్లరి చేసేవాళ్లకు ఇది మంచి అవకాశం" అన్నాను. పిల్లలు పడీపడీ నవ్వారు. ముప్పై ఏళ్లు ప్రతి కొత్త క్లాసులో అదే మాట. నవ్వే మేడమ్ అని పేరు తెచ్చుకున్నాను. ఇప్పుడు కాలం మారింది. కమ్మీల బూటు తేలికైంది, ఆఫీసుల ముందు ఏటవాలు దారులు కట్టారు, వాటి మీద మోటారు సైకిళ్లు నిలబెడుతున్నారు. మాలాంటి వాళ్లకు సర్కారు మర్యాదైన పేర్లు పెట్టింది. అంగట్లో దూది పరుపు అడిగేవాళ్లు తక్కువ. ఫోము పరుపు చుట్టచుట్టి డబ్బాలో వస్తుంది, దాన్ని ఎవరూ తొక్కి చూడరు. నన్ను చూసి ఎవరూ ఇప్పుడు నాలుక చప్పరించరు, ఫోను చూసుకుంటారు. అయినా కొత్త మనిషి ఎదురైతే నా నోట్లో మాట ముందే సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో నుంచి బయటికి అడుగుపెట్టే ముందు తాళంచెవి వెతుక్కున్నట్టు, ఇవాళ ఏమనాలో ఒకసారి చూసుకుంటాను.

ఆ రోజు అంగట్లో పేపరు నన్ను ఎంతోసేపు దాచలేదు. బల్ల కింద నా బూటు ఆవిడకు కనిపించింది. "మస్తానీ! నువ్వు మస్తానివే కదా!" అంటూ వచ్చి పక్కన కూర్చుంది. యాభై ఏళ్లు మోసిన మాట ముందుగా బయటపడింది. "అక్కా, ఆ పొద్దు నేను నిన్ను పిలవకుండా ఉండల్సింది. నీ కాపురం ఏమైందో అని... మా నాయన కూడా ఆ దిగులుతోనే పోయినాడు."

వరలక్ష్మక్క ఆశ్చర్యంగా చూసింది. "నా కాపురానికేమి? మా అత్తకు ముందే తెలుసు కదే" అంది. చూపుల రోజే గంగమ్మ మగ్గం గుంటలోకి తొంగి చూసిందట. కాలితో తొక్కే రెండు చెక్కల్లో ఒకదాని మీద ఇంకో చెక్కముక్క కట్టి ఎత్తు చేసి ఉంది. నేసే మనిషికి సంగతి తెలియడానికి అది చాలు. "ఇంటికొచ్చినాంక ఎన్నో ఏండ్లకు చెప్పింది. 'నీ కాలు సంగతి తెలిసే చెయ్యి పట్టుకున్నానే. ఆ పరుపాయప్ప అబద్ధం ఎంత బిరీన పుట్టిచ్చినాడో అని నవ్వొచ్చింది' అని." ఆమె చెబుతుంటే నాకు నాయన చేతిలో ఆరిపోయిన అగ్గిపుల్లలు గుర్తొచ్చి కళ్లు నిండాయి. ఎంత ఉత్త భయం! బాబయ్య దగ్గర చదివించిన చక్కెరకు కూడా ఈ సంగతి తెలిసి ఉంటుంది, మాకే తెలియలేదు.

"అయితే సుకంగానే ఉండావన్నమాట" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "మంచోళ్లే మస్తానీ. అత్తగానీ, మా ఇంటాయప్పగానీ ఒక్క మాట అనల్యా. మీ నాయన మాట మా ఇంట్లో నిలిచిపోయింది. నేను కుంటితే సాలు, 'మా కోడలికి ఇంగా నేల దొరకల్యా' అని అత్త నవ్వేది. ఆయప్ప నవ్వేవాడు. పిల్లోళ్లూ నేర్చుకున్నారు, ఇప్పుడు మనవరాలు గూడా అంటాది. ప్రేమతోనే అంటారు. నేనూ నవ్వుతా." తుంటి మీద చెయ్యి వేసుకుంది. "తుంటి నొప్పి మొదులై శానా ఏండ్లయింది. చెప్పల్లని నోరు తెరిస్తే నవ్వు మొదులైతాది. ఇంగేం చెప్పేది? మొన్న డాక్టరు ఫోటో తీసి, కీలు అరిగిపోయిందమ్మా, ఇన్నాళ్లూ ఏం చేస్తాంటివి అన్నాడు. నవ్వుతాంటి సామీ అనల్లనిపించింది. ఆపరేషన్ అంటే భయమైతాది. ఆ భయం గూడా ఎవురికీ చెప్పల్యా."

నాకు అవ్వ మాట గుర్తొచ్చింది. నవ్వు నాలుగు విధాల చేటని ఆమె అన్నప్పుడు, ఆ నాలుగూ ఏమిటని నేను ఎన్నడూ అడగలేదు. ఒకటి ఇదే అయి ఉంటుంది. నాయన నవ్వు ఆ రోజు ఒక ఇంటి పరువు కాపాడింది, అబద్ధం కాదు. కానీ ఆ నవ్వుతో ఊపిరాడింది చుట్టూ ఉన్నవాళ్లకు. లోపలి గదిలోకి వెళ్లిన పిల్ల ఊపిరి ఏమైందో మేమెవరమూ చూడలేదు. నా ఊపిరి సంగతి నేను కూడా చూసుకోలేదు.

వారం తర్వాత ఆ ఎర్రచారల పాత పరుపు దూది ఏకి, కొత్త గుడ్డ వేసి తమ్ముడు పరుపు సిద్ధం చేశాడు. వరలక్ష్మక్క వచ్చి, "పరుచు నాయనా, నడిసి సూస్తా" అంది. ఆ అంగట్లో ఎన్నో ఏళ్లుగా ఎవరూ అడగని మాట అది. తమ్ముడు నేల మీద పరిచాడు. నేను కూడా పట్టీలు విప్పి, గోడ పట్టుకుని ఆమె వెంట ఎక్కాను. ఇద్దరం ముసలివాళ్లం ఒరుగుతూ, ఊగుతూ, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని ఆ చివరిదాకా వెళ్లాం. అంచున ఆమె ఆగింది, యాభై ఏళ్ల కింద ఆగినట్టే. నాయన మాట నా నాలుక చివరికి వచ్చేసింది. తమ్ముడు అప్పుడే నవ్వడానికి పెదవులు సిద్ధం చేసుకుని చూస్తున్నాడు. నేను ఆ మాట మింగేశాను.

"నొప్పిగా ఉండాదా అక్కా?" అని అడిగాను.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఉండాది మస్తానీ. శానా ఉండాది. నీకు?"

ఆ ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. అలవాటు కొద్దీ నోరు తెరిచాను. మాట కూడా దొరికింది, మంచిదే దొరికింది. అనలేదు. "నాకూ ఉండాదక్కా. భయంగా గూడా ఉండాది" అన్నాను. ఆ అంచు మీదే ఇద్దరం నిలబడిపోయాం. నవ్వాలో వద్దో, ఎటు చూడాలో తెలియక తమ్ముడు ముందు గోడ చూశాడు, తర్వాత పైకప్పు చూశాడు. వాణ్ణి అలాగే ఉండనిచ్చాం.